సాహసక్రీడా గ్రంథములు: కర్తృత్వ విచారము

విద్వద్గద్వాల యని పేరొందిన మా గద్వాలయందును, పొరుగుననున్న వనపర్తి, ఆత్మకూరు సంస్థానములయందును అవధానము ఒకప్పుడు పెద్ద యుత్సవముగా నుండెను. తిరుపతి వేంకటకవులు ఈ సీమకు వచ్చి సభలు చేసి సత్కారములు పొందిరి. హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమున లీనమైన పిదప సంస్థానములు గతించినవి. కాని సమస్య నిచ్చుటయందును దానిని బూరించుటయందును గల రుచి యిచ్చటి పండితకుటుంబములను విడిచిపోలేదు. అట్టి రుచిలో బెరిగి, వ్యాకరణము చదివి, ఏబది యేండ్లు దాటిన నేను ఆంగ్లభాషలోని యొక క్రీడావాఙ్మయమును గూర్చి పరిశోధక పత్రికకు వ్రాయుట కొందఱికి వింతగా దోపవచ్చును. ఆ వాఙ్మయమును విమర్శించుటకు వలసిన లక్షణము మన శాస్త్రములలోనే యున్నదని నాకు దోచినందున వ్రాయుచున్నాను.

గత సంక్రాంతికి నా తమ్ముని కుమారుడు హైదరాబాదునుండి గద్వాలకు వచ్చుచు గొన్ని పుస్తకములను, ఒక సంచెడు పాచికలను దెచ్చెను. "పెదనాన్నగారూ, ఇది మీ అవధానము వంటిదే. మీరు పృచ్ఛకులు, మేము అవధానులము" అనెను. వానికి అవధానము తెలియదనుకొంటిని. ఆట ముగిసినప్పటికి ఆ క్రీడయు దెలియనివాడను నేనే యని తేలినది. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఈ క్రీడకు ఆంగ్లమున రోల్ ప్లేయింగ్ గేమ్ అని పేరు, పాత్రధారణక్రీడ యనవచ్చును. నలుగురైదుగురు బల్లచుట్టును గూర్చుందురు. అందొకడు సూత్రధారుడు, వారి వ్యవహారమున డంజన్ మాస్టర్. తక్కినవారు యోధుడో, మాంత్రికుడో, చోరుడో యైన యొక్కొక్క పాత్రమును ధరింతురు. సూత్రధారుడు స్థలమును వర్ణించును: ముందొక రాతిద్వారము, లోపల నీటిచప్పుడు, గడపపై తాజాగా బడిన అడుగుజాడలు, ఏమి చేయుదురు? పాత్రధారులు తాము చేయదలచినది నోట జెప్పుదురు. ఫలము సందిగ్ధమైనచోట పాచిక నిర్ణయించును. ఆ పాచికలు నాలుగు ముఖములు గలవి మొదలుకొని యిరువది ముఖములు గలవానివఱకు నుండును. రంగస్థలము లేదు, ఆహార్యము లేదు, ప్రేక్షకులు లేరు. వాచికమే సర్వము.

దీని వంశము కొంత మనకు జుట్టమే. చతురంగము మనదేశమున బుట్టి పశ్చిమదేశములకు బోయినది. ప్రష్యాదేశమున 1824లో రైస్విట్జ్ అను సైనికాధికారి యుద్ధశిక్షణకై క్రీగ్‌స్పీల్ అను క్రీడను వెలువరించెను. అందు రెండుపక్షములకును నడుమ తీర్పరి యొకడుండును. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు లేక్ జెనీవా పట్టణవాసియైన గ్యారీ గైగాక్స్, మిన్నెసోటావాసియైన డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ఇట్టి యుద్ధక్రీడలతో బరిచయము గలవారు. వారి డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో మూడు చిన్నపుస్తకములుగా నొకపెట్టెలో వెలువడినది. తొలి ముద్రణము వేయి ప్రతులు. సేన నడుపువానికి సేనకు బదులొక్క పాత్రమునిచ్చి, "నీవే ఆతడవు" అనుట ఈ మార్గముయొక్క విశేషము.

ఇందు నియమగ్రంథము వేఱు, సాహసగ్రంథము వేఱు. అడ్వెంచర్ అనియు మాడ్యూల్ అనియు వారు పిలుచుదానినే నేను సాహసగ్రంథమనుచున్నాను. నియమగ్రంథము వ్యాకరణము వంటిది. సాహసగ్రంథము సమస్య వంటిది. ఒక కోటయో బిలమో, దాని పటము, అందలి గదులు, వానియందు వసించువారు, వారి కోరికలు, ఉచ్చులు, నిధులు, ఇవి యందు వ్రాయబడియుండును. కథ మాత్రము వ్రాయబడి యుండరాదు. అది బల్లయొద్ద బుట్టవలెను. 1976లో మొదలైన ది డ్రాగన్, 1977లో లండనున మొదలైన వైట్ డ్వార్ఫ్ మున్నగు పత్రికలలో నీ జాతి గ్రంథములకు విమర్శలు వచ్చుచుండెను. నేడును విరివిగా వచ్చుచున్నవి. వానిలో గొన్నింటిని నా తమ్ముని కుమారుడు చూపగా జదివితిని. పెక్కింటియందు విమర్శకుడు గ్రంథమును జదివి వ్రాసెనో, ఆడి వ్రాసెనో తెలియరాలేదు. ఇది చిన్నలోపము కాదు. సమస్యను జూచి, పూరణము వినకయే, అవధానమును మెచ్చుకొన్నట్లున్నది.

మఱి యిట్టి గ్రంథమునకు గుణదోషములను దేనిచే నిర్ణయింపవలెను? రసముచే నందమా, రసము గ్రంథమున లేదు. శైలిచే నందమా, ఆ శైలిని వినువారే లేరు. గ్రంథము సూత్రధారుని చేతిలో మూయబడి యుండును. నాకు దోచిన లక్షణము కారకప్రకరణమునుండి వచ్చినది. పాణిని కర్తకు స్వాతంత్ర్యమును లక్షణముగా జెప్పెను; ఆ కర్తను బ్రేరేపించువానికి హేతువను సంజ్ఞయు, కర్తృసంజ్ఞయు రెండును జెప్పెను. ప్రేరేపింపబడినవాడు స్వాతంత్ర్యమును గోల్పోవునా యని వైయాకరణులు విచారించి, కోల్పోడనిరి. వండుమన్నను వండకుండుటకు శక్తిగలవాడే వండువాడు. భర్తృహరి వాక్యపదీయమున సాధనసముద్దేశమునందు స్వాతంత్ర్యమునకు గొన్ని హేతువులు చెప్పుచు, తక్కిన సాధనములకు బ్రతినిధి దొరకును గాని కర్తకు బ్రతినిధి లేడను హేతువును గూడ జేర్చెను. వ్రీహులు లేనిచో నీవారములతో బని జరుగును. కర్త మాఱినచో ఆ క్రియ ఆతనిది కాదు.

ఈ మాటను సాహసగ్రంథమునకు బట్టించి చూడుడు. ఈ పాత్రధారి స్థానమున వేఱొకడు కూర్చుండినను కథ యిట్లే నడచునా? నడచునేని, ఈతడు కర్త కాడు. ఇంతకంటె జిన్న పరీక్ష లేదు; ఇంతకంటె గట్టి పరీక్షయు నాకు గానరాలేదు.

మన తెలుగుననే దీని కింకొక సాక్ష్యము గలదు. ఆడు ధాతువునకు బ్రేరణరూపము ఆడించు. బాలుని ఆడించుట, బొమ్మను ఆడించుట, రెంటను రూపమొక్కటే. కాని బాలునియందు ఆట బాలునిదే. ఆడించువాడు హేతువు మాత్రమే. తోలుబొమ్మయందు ఆడునది బొమ్మ యని యుపచారమే గాని, పుల్లలు పట్టినవాడే సమస్తమునకు గర్త. సాహసగ్రంథములన్నియు ఆడించునవే. బాలుని ఆడించునట్లు ఆడించునవి కొన్ని, బొమ్మను ఆడించునట్లు ఆడించునవి కొన్ని. విమర్శకుడు చెప్పవలసిన మొదటి మాట యిదియే.

ఇచ్చట నా తప్పును జెప్పుకొనవలెను. సంక్రాంతి సెలవులలో నేను సూత్రధారుడనై పట్టిన గ్రంథము రేవెన్‌లాఫ్ట్. దానిని ట్రేసీ హిక్మన్, లారా హిక్మన్ దంపతులు రచించిరి, 1983లో వెలువడినది. బరోవియా యను మంచుసీమలో స్ట్రాడ్ అను రక్తపిశాచప్రభువు కోట. సూత్రధారుడు పైకి జదువుటకు వర్ణనభాగములు గళ్లలో నచ్చువేయబడియున్నవి. వర్ణన యనగానే నాకుత్సాహము కలిగినది. వానిని దెనిగించుచు, సమాసములు పేర్చుచు, గ్రంథమున లేని మాటలు కూడ జేర్చితిని: "మీ గుండెలు జల్లుమన్నవి, మీరు వెనుకకు రెండడుగులు వేసితిరి." నా తమ్ముని కూతురు పదవతరగతి చదువుచున్నది. ఆమె వెంటనే, "నేను వేయలేదు పెదనాన్నగారూ. నే నింకను ద్వారమునొద్దనే యున్నాను" అన్నది.

సభలలో బెక్కు ఆక్షేపణలను విన్నాను, ఇట్టిది వినలేదు. మధ్యమపురుషక్రియను నేను బ్రయోగించితిని. ఆ క్రియకు గర్తను అడుగనైతిని. నలుబదియేండ్లుగా బాఠము చెప్పుచున్న సూత్రార్థమును పదునాఱేండ్లు నిండని పిల్ల నాకు బోధించినది. ఆ రాత్రి వర్ణనలలోనుండి పాత్రధారుల భావములను, చేష్టలను దీసివేసి, కంటికి గానవచ్చునది, చెవికి వినవచ్చునది మాత్రమే చెప్పితిని. అంతట ఆట లేచినది. గ్రంథమును దూషింపబోయిన నేను, దోషము పఠించిన విధమున నున్నదని తెలిసికొంటిని. ఆడకయే విమర్శ వ్రాసియుండినచో ఆ వర్ణనలనే గుణమని పొగడియుందును.

రేవెన్‌లాఫ్టుయొక్క నిజమైన గుణము వేఱొకచోట నున్నది. అందు సోదె చెప్పు స్త్రీ యొకతె పేకముక్కలను దీసి భవిష్యము చెప్పును. ఆ ముక్కలనుబట్టి, పిశాచమును జయించుటకు వలయు వస్తువు లేగదులలో నున్నవో, ఆ ప్రభువు కోరికయే యేదో నిర్ణీతమగును. కావున నొకమాఱు ఆడినవాడు రెండవమాఱు ఆడినను గ్రంథమాతనికి ముందుగా దెలియదు. ప్రతినాయకునకు గూడ స్వంతమైన కోరిక యుండుటచే నాతడు గదిలో గూర్చుండి చంపబడుటకు వేచియుండడు. ఎదురువచ్చును, మోసగించును, పాఱిపోవును. ఎదుట నొక కర్త యున్నప్పుడే మన కర్తృత్వము వెలయును. అవధానమున బృచ్ఛకుడు చేవగలవాడైననే కదా అవధాని చేవ తెలియుట.

ఇక టూంబ్ ఆఫ్ హారర్స్. దీనిని గైగాక్స్ 1975లో నొక పోటీసభలో ఆడించెను. గ్రంథముగా 1978లో ముద్రితమైనది. ఇది మృత్యుబిలము. ప్రవేశద్వారములు మూడు గానవచ్చును, రెండు కపటములు. లోపలి నడవ కొననొక పచ్చని రాక్షసముఖము నోరు తెఱచియుండును. ఆ నోటిలోని చీకటిలో బ్రవేశించినది యేదైనను నశించును. చదివినప్పుడు నాకు గోపము వచ్చినది. ఆటగాండ్రను జంపుటకే వ్రాసిన గ్రంథమున స్వాతంత్ర్య మెక్కడిది, ఇది క్రీడ కాదు, వధ్యశిల యని నా పత్రమున వ్రాసికొంటిని.

వనపర్తిలో నా శిష్యుల యింట దీనిని ఆడితిమి. వారిలో నొకడు రెవిన్యూశాఖలో బనిచేసి విశ్రాంతి పొందినవాడు. జీవితమంతయు పొలముల హద్దులు కొలిచినవాడు. ఆతడు రాక్షసముఖమును జూచి, "నోటిలో ముందు వెదురుకఱ్ఱ పెట్టుదును" అనెను. కఱ్ఱకొన మాయమైనది. అందఱు నొక్కక్షణ మూరకుండి, పిదప నవ్వి, వెనుకకు వచ్చిరి. నాగర్‌కర్నూలున వేఱొక కూటమితో నిదే గ్రంథమును ఆడినప్పుడు, ఇంటర్మీడియెట్ చదువు నొక బాలుడు, ఇదియే త్రోవ యని నోటిలో దూకెను. ఆతని పాత్రము అంతటితో సమాప్తము. గ్రంథమొక్కటే, గది యొక్కటే. కర్తలు వేఱు, కథలు వేఱు. ప్రతినిధిపరీక్షయందు గ్రంథము నెగ్గినది. నేను వ్రాసికొన్న విమర్శ యోడినది.

మహాభారతమున యక్షుని కొలను దీనికి సరిపోలును. తన ప్రశ్నలకు బదులు చెప్పక నీరు త్రాగరాదని యక్షుడు ప్రతివానికిని ముందుగా జెప్పెను. నలుగురు సోదరులు వినియు లెక్కసేయక త్రాగి పడిరి, ధర్మరాజు నిలిచెను. అక్కడ మృత్యువు అన్యాయము కాదు, హెచ్చరిక ముందున్నది కనుక. టూంబ్ ఆఫ్ హారర్స్ నందును బ్రవేశముననే నేలపై నొక గూఢలేఖ గలదు. జాగ్రత్తగా జదివినవానికి గొంత త్రోవ చూపును. కాని యీ గ్రంథమునకు లోపము లేకపోలేదు. ఏ గుఱుతును లేక, ఏ యూహకును అందక ప్రాణము తీయు తావులును గలవు. అచ్చట ఆటగాడు తెలిసి యెంచుకొనుట లేదు, పాచికయే యెంచుకొనుచున్నది. తెలియనివానికి స్వాతంత్ర్య మున్నదనుట గ్రుడ్డివానికి రెండు దీపములిచ్చి యెంచుకొమ్మనుట వంటిది. కావున గర్తృత్వమునకు అవకాశ మొక్కటి చాలదు, జ్ఞాపకమును వలయును. ప్రమాదమునకు ముందు గుఱుతుండుట యుత్తమగ్రంథలక్షణము.

దీనికి వ్యతిరేకముగా 1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ మాలికను జూడుడు. అందు వీరులు ముందే నిర్మితులు. పేరులు, స్వభావములు, పూర్వకథలు సిద్ధములు. ముఖ్యపాత్రములు చనిపోయినచో మరణమును సందిగ్ధముగా నుంచి, మఱల రాగల యవకాశము చూపుమని సూత్రధారునకు విధి గలదు. ఆ సంవత్సరముననే యిదే కథకు నవలారూపమును వచ్చినది. పెక్కుమంది ఆ వీరులను బ్రేమించిరి. నేను గొంత చదివితిని, కథ రమ్యమే. కాని చావవలసినవాడు చావలేనిచోట బ్రతుకుటయందు ఘనత యేమి? ఆటగాండ్రు మాఱినను వీరులు మాఱరు, గమ్యము మాఱదు. ప్రతినిధి సులభముగా దొరకుచున్నాడు. ఇది తోలుబొమ్మను ఆడించుట. తోలుబొమ్మలాట మహత్తరమైన కళయే. కాని బొమ్మయొద్దకు వచ్చి "నీవేమి చేయుదువు" అని యడుగరాదు.

ఇందుకొక పూర్వపక్షము గలదు. ఆటగాండ్ర కిచ్చవచ్చినట్లు విడిచిన గథ కథగా నిలుచునా, సంధులు సంధ్యంగములు లేని వస్తువునకు సౌష్ఠవ మెక్కడిది యందురు. నిషిద్ధాక్షరి దీనికి సమాధానము. పృచ్ఛకుడు అక్షరమక్షరమునకును నిషేధము పెట్టును. నిషేధములు హెచ్చినకొలది త్రోవలు తగ్గును. కాని మిగిలిన త్రోవలలో నేది పట్టుటయో అవధానిదే. పద్యము పూర్తియైనప్పుడు దానికి సౌష్ఠవముండును. ఆ సౌష్ఠవము పృచ్ఛకుడు ముందు వ్రాసియుంచినది కాదు. ఇది చేయరాదు అనుట పృచ్ఛకధర్మము. ఇదే చేయుము అనుట యాతని ధర్మము కాదు. ఒక్క పూరణమునకు మాత్రమే తావిచ్చు సమస్య నిచ్చినవాడు, తాను పూరించినదానిని నలుగురిచేతను జెప్పించుకొనగోరువాడు. బిలమునకు గోడలుండవలెను. కోటకు ద్వారములు మూయబడియుండవచ్చును. కాని యొక్కద్వారమే తెఱచి, వెనుకనుండి త్రోయరాదు.

కావున నీ జాతి విమర్శకు నాలుగు మర్యాదలు కావలెనని నా మనవి. విమర్శకుడు తానా గ్రంథమును ఆడెనో చదివెనో మొదటనే చెప్పవలెను. ఆడినచో నెందఱితో, నెన్ని కూర్పులలో ననియు జెప్పవలెను. కథ యేయేచోట్ల జీలుటకు అవకాశమున్నదో, ఆ చీలికలు మఱల నొక్కటే దారిలో గలిసిపోవుచున్నవో లేదో చూపవలెను. ప్రమాదములకు ముందు గుఱుతులున్నవా యని చూడవలెను. తుదకు, నడుమ నడుమ ప్రశ్నలు వచ్చుచుండగా సూత్రధారుడు వెదకి చూచుకొనుట కనువుగా గ్రంథము కూర్పబడినదా యని పరీక్షింపవలెను. ఇది శాస్త్రగ్రంథములకు విషయసూచిక వంటిది. చదువునప్పుడు కానరాదు, పనిలో దిగినప్పుడు గాని విలువ తెలియదు. రెండు కూటములతో ఆడి రెండు కథలను బోల్చి వ్రాసిన విమర్శ ఉత్తమము. ఒకమాఱు ఆడి వ్రాసినది మధ్యమము. చదివి మాత్రమే వ్రాసినది, ఆ మాట యొప్పుకొన్నంతవఱకు, అధమమైనను నింద్యము కాదు.

ఈ మర్యాదలతో మనకేమి పని యని యడుగువారికి నొకమాట. 2022లో జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ అను సంపుటము వెలువడినది. అందు పదుమూడు సాహసములు గలవు. వానిలో నొకదానిని మిమీ మండల్ వంగదేశపు నదీసీమల కథాసామగ్రితో రచించినది. వంగము వచ్చినపుడు పాలమూరు రాకుండునా? కృష్ణాతుంగభద్రల నడిమి మా నడిగడ్డ, అలంపురమున జాళుక్యుల నవబ్రహ్మాలయములు, నాగర్‌కర్నూలుసీమను నల్లమలలో లోతైన లోయ దిగి చైత్రపూర్ణిమకు జనులు చేరుకొను సలేశ్వరము, ఇవి యెవరిచేతనైనను సాహసవస్తువులు కాదగినవి. నేడో రేపో మన యువకులే వ్రాయుదురు.

వ్రాయునాడు వారు ఈ లక్షణమును మఱవకుందురుగాక. సలేశ్వరపు దారిలో నెదురగు చెంచును రాక్షసునిగానో, త్రోవచూపు బంటుగానో వ్రాసినచో, ఆతనిని గర్తృస్థానమునుండి కరణస్థానమునకు దింపినట్లే. ఆ యడవిని తనదిగా నెఱిగినవానికి దన కోరికయు, తన నిరాకరణమును ఉండవలెను. బల్లయొద్ద గూర్చున్నవానికి మాత్రమే గాక, గ్రంథమున వర్ణితుడైనవానికి గూడ స్వాతంత్ర్య మిచ్చినదే పూర్ణమైన సాహసగ్రంథము.

నా తమ్ముని కుమారుడు చెప్పిన పోలిక తుదకు నిజమైనది గాని, ఆతడు తలచినంత సులభముగా గాదు. సమస్య నిచ్చి, పూరణమును దానే చెప్పివేయు పృచ్ఛకుడనై నే నొకరాత్రి కూర్చుంటిని. ఆ బాలిక ద్వారమునొద్ద నిలిచియుండినందున ఆ సభ నిలిచినది. ఆమె పిదప నేమి చేసినదో యడుగువారికి: తలుపు తట్టలేదు, కోట చుట్టును దిరిగి, కిటికీ క్రింద నిలిచి, లోపలివారి మాటలు విన్నది. ఆ మాటలు గ్రంథమున లేవు. నేనప్పటికప్పుడు కల్పింపవలసివచ్చినది. ఈ విచారమున దోషములున్నచో విద్వాంసులు సవరింతురుగాక.